గవిని యొద్ద పరదేశి

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున పాతబస్తీ పాస్టరేటులో జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము వలసలు, వాటి విషయమైన చట్టము, ఆ చట్టములో రావలసిన మార్పు. కార్యదర్శిగారు ఈ మాట చెప్పినప్పుడు అమెరికా గురించి మాట్లాడమంటున్నారేమో అనుకున్నాను. ఈ రోజులలో మన ఇండ్లలో వీసా మాట రాని పూట లేదు గదా! కాని వారు, "కాదండీ అయ్యగారూ, బాలాపూరు గురించి మాట్లాడండి. కమిటీలో జరిగిన గొడవ మీకు తెలుసు గదా" అన్నారు. తెలుసును. ఆ గొడవకు కారణము నేనే గనుక బాగా తెలుసును.

ముందు ఆ సంగతి చెప్పి తరువాత చట్టము దగ్గరకు వస్తాను. మన స్త్రీల మైత్రివారు నడుపుతున్న సాయంకాలపు బడికి ముప్పదిమంది వరకు బస్తీ పిల్లలు వస్తారు. వారిలో అయిదుగురు రోహింగ్యా పిల్లలు. ఒక పిల్లవాని తండ్రి కబాడీ ఏరుకొని బ్రతికే మనిషి. బర్మాలోని అరకాను ప్రాంతములో, అనగా ఇప్పటి రఖైను రాష్ట్రములో, 2012లో జరిగిన అల్లర్ల తరువాత బంగ్లాదేశ్ మీదుగా ఇక్కడికి చేరాడు. ఒక శనివారము సాయంత్రము అతడు నా గుమ్మములో నిలబడి, "పాస్టర్ సాబ్, ఒక చిట్టీ కావాలి" అన్నాడు. ఈ బిడ్డ ఈ బస్తీలో ఉంటున్నాడు, మా బడికి వస్తున్నాడు అని సంఘపు కాగితము మీద రెండు వాక్యములు వ్రాసిస్తే చాలు. పగటి బడిలో చేర్చుకోవడానికి ఏదో ఒక కాగితము తెమ్మన్నారట.

సోమవారము రమ్మన్నాను. సోమవారము వచ్చాడు. కమిటీని అడగాలన్నాను. అది అబద్ధము కాదు గాని నిజము కూడా కాదు. ఇటువంటి ఉత్తరములకు నేనెన్నడూ కమిటీని అడిగినవాడిని కాను. మన సంఘము పేరు పోలీసు స్టేషనులో వినబడుతుందేమోనని భయపడ్డాను. మూడవసారి అతడు రాలేదు. నెల దాటిన తరువాత వెళ్లి చూస్తే ఆ గుడిసెలో వేరే వారున్నారు. పిల్లవాడు సాయంకాలపు బడికి కూడా మరల రాలేదు.

అతడు అడిగిన రెండు వాక్యములూ సత్యములే. అదే వారములో, అదే కాగితము మీద, మన సంఘస్థుల కుమారునికి వీసా నిమిత్తము ఒక ఉత్తరము వ్రాసిచ్చాను. అతనిని చిన్ననాటినుండి ఎరుగుదునని వ్రాశాను. నేను ఈ పాస్టరేటుకు వచ్చి మూడు సంవత్సరములే అయినది! మీరు నవ్వుతున్నారు. నేనును అప్పుడు నవ్వుకొనే వ్రాశాను.

ఈ సంగతి కమిటీలో ఒప్పుకొన్నప్పుడు రెండు పక్షములు ఏర్పడినవి. మన పెద్దలలో పోలీసు శాఖనుండి విశ్రాంతి తీసుకొన్నవారు ఒకరున్నారు. వారు చెప్పినది మీ ముందుంచడము నా బాధ్యత. సరిహద్దు లేని దేశము ఇంటికి తలుపు లేనట్టిది అన్నారు వారు. నకిలీ పత్రములతో ఆధార్ కార్డులు, ఓటరు కార్డులు సంపాదించిన కేసులు ఈ నగరములోనే నమోదైనవి. ఎవడు బాధితుడో ఎవడు మోసగాడో మొగము చూచి చెప్పలేము. పైగా మన బస్తీలో పుట్టిన బీదలకే మంచినీళ్లు చాలనప్పుడు వచ్చినవారందరికి ఎక్కడినుండి తెస్తాము? రోమా పత్రిక 13వ అధ్యాయము కూడా వారు గుర్తుచేశారు. ఇందులో ఒక్క మాటనైనా నేను తేలికగా తీసివేయలేను. నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడే మన తల్లులను నేను రోజూ చూస్తున్నాను.

అప్పుడు వెనుక వరుసలోనుండి ఒక సహోదరి లేచింది. ఆమెది కోనసీమ. కువైటులో ఇంటిపనికి వెళ్లి వచ్చిన మనిషి. "అయ్యగారండీ, నేను మాట్లాడొచ్చాండి? జీతం ఇవ్వకపోతే ఆ ఇంట్లోంచి పారిపోయానండి. పాస్‌పోర్టు వాళ్లదగ్గరే ఉండిపోయింది. పద్నాలుగు నెలలు కాగితం ముక్క లేకుండా ఉన్నాను. 2018లో క్షమాభిక్ష పెడితే ఎంబసీవాళ్లు ఇచ్చిన ఔట్‌పాస్ మీద వచ్చాను. ఆ పద్నాలుగు నెలలూ నన్ను తన గదిలో పెట్టుకున్నది ఎవరనుకుంటున్నారండి? ఒక బంగ్లాదేశీ ముసలమ్మండి. ఆవిడకీ కాగితాల్లేవు" అని కూర్చున్నది. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత పెద్దలవారే, "అమ్మా, నీ సంగతి వేరు" అన్నారు. వేరు ఎట్లాగో చెప్పమని ఆమె అడగలేదు. నేను అడుగుతున్నాను. ఈ ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్నే.

మనము కూర్చున్న ఈ పాతబస్తీలో ఈ ప్రశ్న క్రొత్తది కాదు. బాలాపూరుకు పోయే దారిలో బార్కస్ ఉన్నది. బ్యారక్స్ అనే మాటే బార్కస్ అయినది. యెమెను దేశపు హద్రమౌత్ నుండి వచ్చి నిజాము కొలువులో సిపాయిలుగా చేరిన అరబ్బుల సంతతివారు అక్కడ ఉన్నారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన తరువాత భారత ప్రభుత్వము ఈ అరబ్బులను, అట్లే పఠానులను, విదేశీయులుగా ఎంచి అనేకులను నిర్బంధములో ఉంచినది. వారిని ఓడలలో తిప్పి పంపాలని ప్రయత్నించినది. కొందరిని పంపినది కూడా. కాని విచారణలోకి దిగిన తరువాత చిక్కు తెలిసినది. వీరిలో ఎందరో ఇక్కడే పుట్టినవారు, ఇక్కడి స్త్రీలను పెండ్లాడినవారు, హద్రమౌత్ ఎక్కడున్నదో ఎరుగనివారు. చివరకు అనేకులు ఇక్కడనే నిలిచారు. ఈనాడు బార్కస్‌లో జామపండ్లు కొనేటప్పుడు నీవు ఏ దేశస్థుడవని అమ్మేవానిని మనలో ఎవరూ అడగరు.

మరి బర్మా సంగతి? అరకానునుండి వచ్చినవారు మనకు బొత్తిగా పరాయివారన్నట్లు మాట్లాడుతున్నాము గాని, తెలుగువారికి బర్మాతో ఉన్న సంబంధము పాతది. కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయినందున అక్కడివారు మనలను కోరంగీలన్నారు. రంగూను రేవులో మూటలు మోసినది మనవారే. 1930లో అక్కడ జరిగిన అల్లర్లలో దెబ్బలు తిన్నదీ మనవారే. 1942లో జపాను సైన్యము రంగూనును పట్టుకొన్నప్పుడు లక్షలాది భారతీయులు అడవులలో, కొండలలో నడిచి స్వదేశము చేరుకొన్నారు. వేలమంది దారిలోనే చనిపోయారు. 1962లో నెవిన్ సైనిక ప్రభుత్వము వచ్చి, 1964లో అంగళ్లు జాతీయము చేసిన తరువాత మరల ఓడలు కదిలినవి. బర్మా కాందిశీకులని పేరుపెట్టి వారికి మన ప్రభుత్వము స్థలములు, అప్పులు ఇచ్చినది. విశాఖపట్టణము కంచరపాలెములోని బర్మా క్యాంపు అట్లా ఏర్పడినదే.

1982లో బర్మా ప్రభుత్వము చేసిన పౌరసత్వ చట్టము 1823కు ముందే ఆ దేశములో స్థిరపడిన జాతులకే పూర్తి పౌరసత్వము అన్నది. రోహింగ్యాలను ఆ జాతుల పట్టికలో చేర్చలేదు. అక్కడ మిగిలిన తెలుగువారు కూడా ఆ పట్టికలో లేరు. ఒకే చట్టము, ఒకే గీత. మనవారికి దాటి రావడానికి ఒక తల్లిదేశము ఉన్నది, వారికి లేదు. తేడా అంతే.

ఇప్పుడు మన చట్టము. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై గాని, 1967 నాటి దాని అనుబంధముపై గాని భారతదేశము సంతకము చేయలేదు. బ్రిటిషువారి కాలములో వ్రాసిన 1946 విదేశీయుల చట్టమే మొన్నమొన్నటివరకు నడిచినది. దానిని, మరి మూడు పాత చట్టములను తీసివేసి వాటి స్థానములో పార్లమెంటు 2025లో క్రొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టము చేసినది. 2025 సెప్టెంబరు 1 నుండి అది అమలులోనికి వచ్చినది. సరియైన పత్రములు లేకుండ దేశములో ప్రవేశించినవానికి అయిదు సంవత్సరములవరకు జైలు, లేదా అయిదు లక్షల రూపాయలవరకు జరిమానా, లేదా రెండును. తాను విదేశీయుడను కానని ఋజువు చేసుకొనే భారము ఆ మనిషిదే. ఈ చట్టములో శరణార్థి అనగా ఎవరో ఎక్కడా చెప్పబడలేదు. పని కొరకు దొంగచాటుగా వచ్చినవాడును, ఇల్లు తగులబడి పారిపోయి వచ్చినవాడును ఒకే తరగతి.

అయితే ప్రభుత్వమునకు భేదము చూపడము చేతకాదా అంటే, చేతనగును. టిబెటువారిని, శ్రీలంక తమిళులను మినహాయించుచు ఉత్తరువులున్నవి. 2019లో చేసిన పౌరసత్వ సవరణ చట్టము పాకిస్తాను, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తానుల నుండి 2014 డిసెంబరు 31 లోపల వచ్చిన హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు, జైనులకు, పారసీలకు, క్రైస్తవులకు మార్గము తెరచినది. ఆ పట్టికలో మన పేరున్నది. ఇది మనకు సంతోషము కలిగించవలెనా? హింసపడిన క్రైస్తవునికి ఆశ్రయము దొరికితే దేవునికి స్తోత్రమే. కాని అదే పొరుగున హింసపడిన మరొకడు తన ప్రార్థన వేరు గనుక పట్టికలో లేకపోతే, నా పేరున్నదని నేను ఊరకుండుట నాకు కష్టముగా ఉన్నది. తెలంగాణ శాసనసభ 2020 మార్చి 16న ఆ చట్టమునకు వ్యతిరేకముగా తీర్మానము చేసినది. మన సంఘములలో అప్పుడు పెద్దగా మాట వినబడలేదు. ఇది నిందకొరకు చెప్పుట లేదు, నేనును మాట్లాడలేదు.

అమలు ఎట్లున్నదో మన నగరములోనే చూచాము. 2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ ప్రాంతీయ కార్యాలయమువారు పోలీసుల నివేదికనుబట్టి హైదరాబాదులో 127 మందికి నోటీసులిచ్చారు. అందులో ఒక ఆటో డ్రైవరు తాను ఇక్కడనే పుట్టి పెరిగినవాడనని మొరపెట్టుకొన్నాడు. ఆధార్ పౌరసత్వమునకు సంబంధించినది కాదని ఆ సంస్థే తరువాత వివరణ ఇచ్చినది. అంటే చూడండి, తలుపు బలముగా వేసేటప్పుడు ఇంటివాని వ్రేళ్లు కూడా నలుగుతాయి.

2017 ఆగస్టులో కేంద్రము ఇచ్చిన లెక్క ప్రకారము దేశములో సుమారు 40,000 మంది రోహింగ్యాలున్నారు. వారిని గుర్తించి పంపివేయవలెనని ఆ నెలలోనే రాష్ట్రములకు సూచన వెళ్లినది. సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 8న ఇచ్చిన ఉత్తరువులో, రాజ్యాంగములోని 14, 21 అధికరణములు పౌరులు కానివారికి కూడా వర్తించునని, కాని దేశములో నివసించే హక్కు పౌరునికి మాత్రమే చెందునని చెప్పినది. నిర్ణీత పద్ధతిని అనుసరింపక వారిని పంపరాదన్నది. ఆ పద్ధతి ఏమిటన్నదే ఇక్కడ ప్రాణము. 2011 డిసెంబరులో కేంద్ర హోంశాఖ ఒక విధానము వ్రాసినది. జాతి, మతము మొదలైన కారణములచేత హింసకు గురియగునని న్యాయమైన భయమున్న విదేశీయుని విషయము విచారించి, దీర్ఘకాల వీసాకు సిఫారసు చేయవచ్చునన్నది. కొందరు రోహింగ్యాలకు అట్టి వీసాలు ఒకప్పుడు లభించినవి కూడా. అయితే అది కార్యాలయపు విధానమే గాని చట్టము కాదు. ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే లేనట్టు.

ఇక్కడ నేను దైవశాస్త్ర కళాశాలలో చదివిన పాఠమొకటి జ్ఞాపకము చేస్తాను. బైబిలు అంతా పరదేశిని ప్రేమించుమనే చెప్పుచున్నదని మనము సులభముగా ప్రసంగిస్తాము. నేనును చేశాను. కాని వాస్తవము అంత సులభము కాదు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము చూడండి. మోయాబీయుడు పదియవ తరమువరకు సమాజములో చేరరాదు. కారణము కూడా చెప్పబడినది. ఇశ్రాయేలీయులు ప్రయాణము చేసేటప్పుడు వారు అన్నపానములతో ఎదురు రాలేదు. ఇది వలస చట్టము కాక మరేమి? నెహెమ్యా దానిని అమలుచేశాడు. ఎజ్రా కాలములో అన్యస్త్రీలను, వారి పిల్లలతో సహా, పంపివేశారు. ఆ అధ్యాయము చివర పిల్లల మాట వచ్చి గ్రంథము అంతటితో ఆగిపోవుచున్నది. ఆ తరువాత ఆ పిల్లలేమయ్యారో ఎవరూ వ్రాయలేదు.

అయితే అదే బైబిలులో రూతు ఉన్నది. ఆమె మోయాబీయురాలని గ్రంథకర్త మాటిమాటికి గుర్తుచేస్తాడు, మనము మరచిపోకుండ. ఆమెకు పొలములో పరిగె ఏరుకొనే హక్కు దయవలన రాలేదు, లేవీయకాండములోని చట్టమువలన వచ్చినది. పరదేశికిని బీదకును పొలము అంచులు విడువవలెనన్నది చట్టము. బోయజు ఆమెను రహస్యముగా దాచలేదు. పట్టణపు గవిని యొద్దకు వెళ్లి, పదిమంది పెద్దలను కూర్చుండబెట్టి, అందరి ఎదుట సంగతి తేల్చాడు. యెహోషువ గ్రంథము 20వ అధ్యాయములో ఆశ్రయపురముల సంగతి ఉన్నది. పొరబాటున హత్యచేసి పారిపోయి వచ్చినవాడు గవిని యొద్ద నిలిచి పెద్దలకు తన సంగతి చెప్పుకోవలెను. విని వారు చోటివ్వవలెను. తరువాత విచారణ. ఆ అవకాశము ఇశ్రాయేలీయులకే కాదు, వారి మధ్యనున్న పరదేశికి కూడా.

కాబట్టి పెద్దలవారు చెప్పిన తలుపు మాట నేను ఒప్పుకొంటున్నాను. పట్టణమునకు ప్రాకారము ఉండవలసినదే. నేను అడిగేది గవిని. ప్రాకారము ఉండి గవిని లేకపోతే, లోపలికి వచ్చేవాడు గోడ దూకియే రావలెను. దూకినవానిని దొంగ అంటాము. నకిలీ కార్డులు ఎందుకు పుట్టుచున్నవో ఇందులో కొంత ఉన్నది. నీవెవరవు, ఎందుకు వచ్చావు, తిరిగి పోతే నీకేమగునని అడిగి వ్రాసుకొనే అధికారి ఒకడుండి, ఆ నిర్ణయము మీద అప్పీలుకు చోటుండి, భయము అబద్ధమని తేలితే పంపివేయమనండి. నేను అడ్డము రాను. ఇటువంటి చట్టము ఊహ కాదు. జస్టిస్ పి.ఎన్. భగవతి ఆధ్వర్యములో 1990లలోనే ఒక నమూనా తయారైనది. 2015లో శశి థరూర్ లోకసభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. ఏదియు చట్టము కాలేదు.

మనవారు పరదేశులైన చోట మనము అడిగేది ఇదే గదా! 2019 జనవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రములో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమనే పేరుతో అక్కడి ప్రభుత్వమే ఒక బూటకపు కళాశాల నడిపి, అందులో చేరిన మన విద్యార్థులను పట్టుకొన్నది. అత్యధికులు తెలుగువారే. భారత ప్రభుత్వము అమెరికా రాయబార కార్యాలయమునకు నిరసన తెలిపి, వారిని దళారులతో సమానముగా చూడవద్దని అడిగినది. న్యాయమైన మాట. 2025 ఫిబ్రవరిలో 104 మందిని సైనిక విమానములో సంకెళ్లతో అమృతసరుకు దించినప్పుడు మనమందరము బాధపడ్డాము. గల్ఫులో కాగితములు లేని మనవానిని ఖల్లివెల్లి అంటారు. క్షమాభిక్ష ప్రకటించినప్పుడెల్లా, జరిమానా మాఫీ చేయండి, టిక్కెట్టు ఇప్పించండి అని ఇక్కడ మన నాయకులందరూ మొరపెడతారు. అక్కడ మనవాడు బాధితుడు, ఇక్కడ వచ్చినవాడు చొరబాటుదారుడు. ఒకే నోటితో రెండు తూకములు ఎట్లా చెప్పుదుము?

తేడా ఉన్నదని పెద్దలవారు అనవచ్చును. ఉన్నది. మన సహోదరి కువైటునుండి ఔట్‌పాస్ మీద రాగలిగినది, ఎందుకంటే ఆమెను నా పౌరురాలని ఒప్పుకొనే దేశము ఒకటి ఉన్నది. రోహింగ్యాకు ఔట్‌పాస్ ఎవరిస్తారు? పెద్దలవారన్న తేడా అతనికి అనుకూలముగా ఉన్నది గాని వ్యతిరేకముగా కాదు.

మన మట్టుకు మనమేమి చేయవలెనో చెప్పి ముగిస్తాను. తప్పుడు ధ్రువపత్రము ఒక్కటి కూడా సంఘపు కాగితము మీద వ్రాయకూడదు. రోహింగ్యాకే కాదు, మన వీసా పిల్లలకు కూడా. దీనివలన రేపటినుండి నాతో మాట్లాడనివారు కొందరుంటారని ఎరుగుదును. కాని సత్యమైన రెండు వాక్యములు అడిగినవానికి, అతడెవరైనా సరే, అదే రోజున ఇవ్వవలెను. సోమవారము రమ్మనకూడదు. పిల్లల చదువు విషయములో భయపడనక్కర లేదు. 2009 విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల పిల్లలందరికి సంబంధించినది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా రోహింగ్యా పిల్లలు బడిలో చేరుటకు ముందు బడినే అడుగవలెనని, కాదంటే హైకోర్టుకు పోవచ్చునని చెప్పినది. మంచినీళ్ల సంగతి వేరుగా, గట్టిగా పట్టుకోవలెను. బస్తీవారికి, గుడిసెలవారికి కలిపి ట్యాంకరు అడిగితే ఇద్దరికీ పోట్లాట తగ్గుతుంది.

ఆశ్రయము విషయమై చట్టము చేయవలెనని కోరుచు, విచారణ లేకుండ ఎవరినీ ప్రాణాపాయములోనికి పంపవద్దని కోరుచు, పార్లమెంటు సభ్యులకు పంపుటకు ఒక విజ్ఞాపన ముసాయిదా తయారుచేశాను. పెద్దలవారికి చూపించాను. వారు ఇంకా ఒప్పుకోలేదు గాని, రెండుచోట్ల నా భాష దిద్దారు. అబద్ధపు పత్రములు తయారుచేసే దళారులను కఠినముగా శిక్షించవలెనని ఒక పేరా చేర్చమన్నారు, చేర్చాను. ప్రతులు వెనుక బల్లమీద ఉన్నవి. తెలుగులో కొన్ని, ఉర్దూలో కొన్ని. చదివి, మీకు ఇష్టమైతేనే సంతకము చేయండి. కోనసీమ సహోదరి మొదటి సంతకము చేసినది. రెండవ గడి ఖాళీగా ఉన్నది, నా సంతకము దానిక్రింద ఉన్నది. అది పెద్దలవారి కొరకు విడిచాను.